బలిపీఠం వెనక నీలం గోడ: ఒక పాత విచారణ గుడి కేసు

ఊరి పేరు, విచారణ (అంటే ఒక గురువు కింద ఉండే క్రైస్తవ సంఘం, పారిష్) పేరు రాయను. ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రానికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక పాత కథోలిక గుడి అనుకోండి, చాలు. పాత గోడ బొమ్మలు బాగుచేసే మమ్మల్ని, గోడమీద బొమ్మ పాడైపోతోంది రమ్మని పిలిస్తే, అసలు పని ఆ గోడకి అవతలి వైపు చేయాల్సి వచ్చింది. ఈ కేసు రాయడానికి కారణం అదే. పాత గుళ్ళ మరమ్మతులు చూసుకునే కమిటీల వాళ్ళకీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకీ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

గుడి సంగతి

ఉత్తరాంధ్రలో పాత విచారణలు చాలావరకు ఫ్రాన్సిస్ ద సాల్ సభ గురువులు మొదలుపెట్టినవి. వాళ్ళు విశాఖపట్నం చేరింది 1846లో. మనవాళ్ళు ఫ్రెంచి ఫాదర్లు అంటారు గానీ, వాళ్ళు బయల్దేరిన ఆన్సీ పట్నం అప్పటికి ఫ్రాన్సులోనే లేదు, సవాయ్ ప్రాంతంతో పాటు సార్డీనియా రాజు కింద ఉండేది. ఫ్రాన్సులో కలిసింది 1860లో. ఈ గుడి పెద్ద గంట కూడా ఆ ఆన్సీ దగ్గర గంటలు పోసే పకార్ వాళ్ళు పోసిందే, అంచున పేరు చదవొచ్చు.

గుడి ముఖద్వారం మీద సిమెంటు అంకెల్లో ఒక సంవత్సరం ఉంది. ఊళ్ళో ఎవరినడిగినా గుడి వయసు దాన్నిబట్టే చెబుతారు. ఆ మండపం మాత్రం తర్వాత కట్టి అతికించింది. ఇటుక సైజు వేరు, అసలు గోడకీ దానికీ మధ్య పైనుంచి కిందదాకా సన్నటి గీత. పైకప్పు మీద మంగుళూరు పెంకులు ఉన్నాయి, కొన్నిటి వెనక బాసెల్ మిషన్ ముద్ర ఉంది. ఆ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది కాబట్టి ఈ పెంకులు అంతకు ముందువి కావు. అయితే పెంకులు మార్చడం మామూలే, వాటితో గోడ వయసు తేల్చలేం. (ప్రొటెస్టెంటు మిషన్ వాళ్ళ పెంకులు కథోలిక గుడి నెత్తిన అన్నేళ్ళు ఉన్నాయంటే కమిటీలో ఒకాయన నమ్మలేదు, నిచ్చెనెక్కించి చూపించాల్సి వచ్చింది.) చివరికి మాకు ఆధారం దొరికింది లాటిన్‌లో రాసిన జ్ఞానస్నానాల రిజిస్టర్లో. ఒక పేజీ దాకా జ్ఞానస్నానం ఇచ్చిన చోటు తాటాకు గుడి, ఆ తర్వాత పేజీ నుంచి కొత్త గుడి. అది 1880ల మాట. గోడ, దానిమీది సున్నం, సున్నం మీది రంగు ఒకదాని వెంట ఒకటి వచ్చినట్టే ఉన్నాయి, మధ్యలో మురికి పొర లేదు. కాబట్టి బొమ్మ కూడా కొంచెం అటూ ఇటూగా ఆ కాలానిదే అనుకున్నాం.

బొమ్మ మంగళవార్త, అంటే యేసుని కంటావని దూత వచ్చి మరియమ్మకి చెప్పే ఘట్టం. బలిపీఠం వెనక అర్ధచంద్రాకారపు గోడ నిండా నీలం, దానిమీద పసుపు నక్షత్రాలు, మధ్యలో మోకరిల్లిన మరియమ్మ, ఎడమవైపు గాబ్రియేలు దూత. లిల్లీ పూలు పెట్టింది మన ఇళ్ళలో ఉండే కంచు చెంబులో, మూతి దగ్గర గీతలతో సహా వేశాడు. దూత చేతిలో వస్త్రం లాంటి పట్టీ మీద తెలుగులో ‘దేవవర ప్రసాదము చేత నిండిన’ దాకా చదవగలిగాం, తర్వాత అక్షరాలు పోయాయి. చెయ్యి తిరిగిన అక్షరాలు అవి. పక్కన పెట్టిన కాగితం చూసి గీసినవి అయితే గుణింతాల దగ్గర తడబాటు కనపడుతుంది. ఇటలీ చిత్రకారుడు వేశాడని విచారణలో ఒక మాట ఉంది, నేనైతే తెలుగు రాసే చెయ్యే అంటాను. సంతకం లేదు.

ఎందుకు పిలిచారు

పెయింటు ఊడేదాకా ఈ బొమ్మ సంగతి ఊళ్ళో అందరూ మర్చిపోయారు. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత గురువు ప్రజల వైపు తిరిగి పూజ చేసే పద్ధతి వచ్చింది, బలిపీఠం ముందుకొచ్చింది, గోడకి ఆనించి ఉన్న ఎత్తైన చెక్క పీఠం తీసేశారు. ఆ తర్వాత గోడ మొత్తానికి వెల్ల వేశారు. ఆ వెల్ల మీద ఇంకో వెల్ల, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్ రెండు మూడు రంగుల్లో. ఒక వేసవిలో ఎమల్షన్ పొక్కులు లేచి అప్పడాల్లా ఊడిపడుతుంటే, ఒక చోట నీలం మీద పాదం బయటపడింది. కమిటీలో సగం మంది పుట్టీ పెట్టించి మళ్ళీ పెయింటు వేయించేద్దాం, పండగ దగ్గరకొచ్చింది అన్నారు. ఫాదర్ గారు ఆపారు. ఆయన ఆపకపోతే ఈ కేసే లేదు.

మమ్మల్ని అడిగింది రెండు మాటలు. ఈ పెయింటు ఎందుకు ఊడుతోంది, కింద ఉన్న బొమ్మ బయటికి తీయగలరా? ముందు మొదటిదానికి జవాబు తేలాలి, అప్పటిదాకా రెండోది ముట్టుకోం అని చెప్పాం. ఇది కమిటీలకి నచ్చదు. బొమ్మ తీస్తే చందాలు వస్తాయి, గోడ తడి కొలిస్తే ఎవరిస్తారు?

అంతకు ముందు జరిగిన వైద్యాలు

బయటివైపు పాత సున్నం గీకేసి, దట్టంగా సిమెంటు ప్లాస్టరు చేసి, దానిమీద వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూశారు. లోపల కడప రాళ్ళ నేల మీద టైల్స్ పరిచారు. చుట్టూ ఆవరణ కాంక్రీటు చేసేటప్పుడు నేల ఎత్తు పెంచేశారు. ఎవరూ తప్పుడు ఉద్దేశంతో చేసింది కాదు, ఏ మేస్త్రినడిగినా అదే చెబుతాడు. కానీ డంగు సున్నంతో కట్టిన రెండున్నర అడుగుల మందం ఇటుక గోడ వానాకాలం నీళ్ళు పీల్చుకుని ఎండాకాలం వదిలేసే గోడ. బయట సిమెంటు, లోపల కింద టైల్సు పెట్టేస్తే ఆ తడికి మిగిలిన దారి ఒక్కటే, బలిపీఠం వెనక బొమ్మ ఉన్న ముఖం.

ఇంకో విచిత్రం. కుడివైపు కింద, నడుం ఎత్తులో, నీలం పూర్తిగా పోయి తెల్లబడిన చోటు ఉంది. తడికి పోయి ఉంటే మరకలా అంచులు మెత్తగా ఉండాలి. ఇక్కడ అంచులు వంపులు వంపులుగా, చెయ్యి ఊపి తుడిచినట్టు ఉన్నాయి. ఊడిన పొడిలోంచి చిటికెడు నీలం తీసి గాజు పలక మీద ఒక చుక్క పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేశాం. రంగు పోయింది, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. అంటే అది అల్ట్రామెరీన్, ఆ కాలానికి కృత్రిమమైనదే అయ్యుండాలి. 1828 ప్రాంతంలో ఫ్రాన్సులో గిమే అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేసిన దగ్గర్నుంచి చవగ్గా దొరికిన రంగు, మన బట్టల నీలిమందులో ఉండేదీ అదే. సున్నానికి తట్టుకుంటుంది, యాసిడ్‌కి తట్టుకోదు. తర్వాత గుడి ఊడ్చే పెద్దాయన్ని మెల్లగా అడిగితే, అవునండి, పాత పీఠం తీసిన కొత్తలో గోడకి తెల్లగా బూజు పడితే బాత్రూం యాసిడ్‌తో తుడిచేవాళ్ళం, బాగా వదిలేది అన్నాడు. వదిలింది ఉప్పు, దాంతోపాటు ఆకాశం కూడా.

తడి ఎక్కణ్ణుంచి

పిన్నులు గుచ్చి చూసే తేమ మీటరు ఇలాంటి గోడల మీద నమ్మకూడదు. ఉప్పు ఉంటే గోడ ఎండిపోయినా అది ఎక్కువే చూపిస్తుంది. అందుకని బయటివైపు నుంచి సన్నటి డ్రిల్లుతో వేర్వేరు ఎత్తుల్లో ఇటుక పొడి తీసి, తూచి, 105 డిగ్రీల దగ్గర ఓవెన్లో ఎండబెట్టి మళ్ళీ తూచాం. పొడి కలిపిన నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ వేస్తే పెరుగులా తెల్లగా విరిగింది, క్లోరైడ్లు దండిగా ఉన్నాయి. బేరియం క్లోరైడ్‌తో సల్ఫేట్లు కూడా కనపడ్డాయి. క్లోరైడ్లకి సముద్రం గాలి చాలు, సల్ఫేట్లలో కొంత సిమెంటు పుణ్యమే అయ్యుండాలి.

మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. మన తీరంలో రాత్రి దాటడం, మధ్యాహ్నం తగ్గడం రోజువారీ పని. పూజ టైములో ఫ్యాన్లన్నీ వేస్తే ఇంకా త్వరగా. గడ్డకట్టిన ప్రతిసారీ రంగు పొరని వెనకనుంచి నెడుతుంది.

అసలు క్లూ మాత్రం అంకెల వరసలో దొరికింది. పక్క గోడల్లో తడి కింద ఎక్కువ, పైకి పోతున్నకొద్దీ తక్కువ. నేలలోంచి పాకే తడి అలాగే ఉంటుంది. బలిపీఠం వెనక గోడలో మాత్రం మనిషి ఎత్తు దాటేదాకా ఒకే తడి, ఆపైన టక్కున తగ్గింది. నేలలోంచి వచ్చే నీళ్ళు అలా గీత గీసినట్టు ఆగవు. బయటికి వెళ్ళి ఆ ఎత్తులో ఏముందో చూస్తే లూర్దుమాత గుహ.

లూర్దులో మరియమ్మ కనిపించిందనే గుహకి నకలుగా కట్టే ఇలాంటి గుహ లేని విచారణ గుడి మన దగ్గర అరుదు. ఇక్కడ దాన్ని గుడి వెనక గోడకే ఆనించి, రాళ్ళూ సిమెంటూ పోసి కట్టారు. అమ్మ పాదాల దగ్గర చిన్న ఫౌంటెన్, కింద తొట్టి. తొట్టికి నెర్రె ఉంది. పైన రాళ్ళ సందుల్లో పడ్డ వాననీళ్ళకి పోయే దారి లేదు. గోడకీ గుహకీ మధ్య జాగా లేదు. ఏడాది పొడుగునా ఆ గోడకి తడిగుడ్డ కట్టినట్టే.

పనిచేయనివి

బొమ్మలో రంగు జిగురుతో కలిపింది, నూనెతో కాదు. తడి దూదితో తాకితే నీలం దూదికి వచ్చేసింది. దీంతో పెద్ద ఇరకాటం వచ్చింది. ఉప్పు తీయడానికి మామూలుగా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టిన కాగితపు గుజ్జు పట్టు వేస్తాం, ఎండేటప్పుడు ఉప్పుని అది లాగేస్తుంది. ఇక్కడ పట్టు వేస్తే ఉప్పుతోపాటు మరియమ్మ కూడా వస్తుంది. బొమ్మ ఎలాగూ పోయిన యాసిడ్ జాగాలో మాత్రం పట్టు వేసి చూశాం. మొదటి విడతల్లో ఉప్పు బాగా వచ్చింది, గోడ శుభ్రపడింది, తొలి వానలు పడగానే తెల్లగా మళ్ళీ మొదలు. ఈ పరీక్ష కావాలనే పెట్టుకున్నాం. నీళ్ళ దారి మూయకుండా ఎన్ని పట్లు వేసినా ఉపయోగం ఉండదని నోటితో చెబితే కమిటీ వినదు, గోడ చూపిస్తే విన్నారు.

లేచిన రంగు పొరల్ని అతికించడానికి మా వాళ్ళలో చాలామంది ముందు చెయ్యి వేసేది పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు మీద. మూలన చిన్న చోట వేసి చూశాం. పొర గట్టిపడింది, నిజమే. కానీ వెనక ఉప్పు ఇంకా కదులుతోంది, గట్టిపడ్డ పొరని మొత్తంగా రేకులా లేపడం మొదలెట్టింది. అంతకుముందు పొడి పొడిగా రాలేది, ఇప్పుడు పెచ్చులుగా. తడి ఉన్న గోడకి గట్టి జిగురు వద్దని అక్కడితో మానేశాం. జపనీస్ టిష్యూ కాగితాన్ని స్పిరిట్‌లో కలిపిన పలచటి సెల్యులోజ్ జిగురుతో అంటించి, రాలేవాటిని తాత్కాలికంగా పట్టి ఉంచాం. అది చికిత్స కాదు, బయట సుత్తి పని జరిగేటప్పుడు కాపాడటానికి కట్టిన కట్టు మాత్రమే.

గుహ పంచాయితీ

ఈ పని మొత్తంలో కష్టమైన నిర్ణయం ఇదే, కెమిస్ట్రీ ఏమీ లేదు. గుహ మీద పాలరాతి పలక ఉంది, కట్టించిన కుటుంబం పేరుతో. ఆ ఇంటి పెద్దబ్బాయి వచ్చి, “నాన్నగారి జ్ఞాపకార్థం కట్టింది, రాయి కదిపితే ఊరుకోనండి,” అన్నాడు. కోపంగా కాదు, బాధగా. కమిటీలో ఇద్దరు గుహ పడగొట్టి కొత్తది కడదామన్నారు, ఇంకో ఇద్దరు బొమ్మే వదిలేద్దామన్నారు.

పడగొట్టమని రిపోర్టులో రాయడం నాకు తేలిక. ఆ గోడ కోణంలో అది సరైనదే కూడా. కానీ సాయంత్రం ఒక గంట అక్కడ నిలబడితే తెలుస్తుంది, ఆ విచారణలో జపమాల జరిగేది గుహ దగ్గరే, కొవ్వొత్తులు వెలిగేది అక్కడే. లోపలి బొమ్మని ఇప్పటివాళ్ళు దాదాపు ఎవరూ చూడలేదు, దానికి మొక్కినవాళ్ళలో చాలామంది బతికి లేరు. ఎవరికీ తెలియని బొమ్మ కోసం అందరూ మొక్కే చోటు తీసేయమంటే, రేపు ఆ బొమ్మని కాపాడాల్సింది ఈ మనుషులే కదా, వాళ్ళకి దానిమీద కసి తప్ప ఏం మిగులుతుంది?

అందుకని గుహ ముఖం అలాగే ఉంచి వెనక కండ మాత్రం తొలిచేశాం. గోడకీ గుహకీ మధ్య రెండు జానల సందు, అడుగున వాలుతో కాలవ, పైన వాన పడకుండా రేకు. తొట్టికి లోపల కొత్త పూత, ఫౌంటెన్ నీళ్ళు దానిలోనే తిరిగేలా చిన్న పంపు. పని జరిగినన్నాళ్ళు అమ్మ స్వరూపాన్ని ఫాదర్ గారు ప్రార్థన చేసి గుడిలోకి తెచ్చారు, పాలరాతి పలకని ఆ పెద్దబ్బాయే తన చేత్తో తీసి పనయ్యాక తానే పెట్టాడు. ఖర్చులో కొంత కూడా ఇచ్చాడు, అది మేము అడగలేదు.

గోడ

బయట సిమెంటు తీయడానికి బ్రేకర్ మెషిన్ వద్దన్నాం. అవతలి ముఖాన బొమ్మ ఉంది. ఉలీ సుత్తీతో, పైనుంచి కిందికి, చిన్న చిన్న గళ్ళుగా. మేస్త్రి రోజుకి ఇంతేనా అని విసుక్కున్నాడు, కూలి రోజువారీగా మార్చాక విసుగు తగ్గింది.

దాని బదులు గుల్ల సున్నం, కడిగిన ఏటి ఇసుక. ఇక్కడ మేస్త్రికీ మాకూ పేచీ. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపకపోతే అది సున్నమే కాదంటాడు. పైభాగానికి సరే అన్నాం, అవి కలిస్తే గట్టిదనం వస్తుంది, వానకి నిలుస్తుంది. కింద నాలుగడుగులు మాత్రం ఉత్త సున్నం ఇసుక, కావాలని బలహీనంగా, గుల్లగా. ఆ భాగం గోడలో ఉప్పుని తనలోకి లాక్కుని, తనే పాడైపోయి, కొన్నేళ్ళకి ఊడిపోవాలి. అప్పుడు గీకేసి మళ్ళీ వేయాలి. పాడవడానికే వేస్తున్న ప్లాస్టరు అని కమిటీకి చెప్పడానికి చాలా మాటలు ఖర్చయ్యాయి. ఖజానా చూసే ఆయన అయితే, “పాడయ్యేదానికి డబ్బు ఎందుకండీ?” అని ప్రతి మీటింగులో అడిగాడు. లోపల యాసిడ్ జాగాకీ అదే ప్లాస్టరు. గోడ చుట్టూ కాంక్రీటు కోసి కంకర కాలవ తీశాం, లోపల గోడ పక్కన ఒక వరస టైల్సు తీసి కడప రాయి మళ్ళీ బయటపెట్టాం.

తర్వాత ఆగాం. ఇటుక గోడ అంగుళానికి నెల చొప్పున ఆరుతుందని మాలో ఒక మోటు లెక్క ఉంది. రెండున్నర అడుగుల గోడ, అదీ సముద్రం పక్కన. ఒక పూర్తి వానాకాలం దాటనిచ్చి, పొడి మళ్ళీ తూచి, పక్క గోడలతో సమానంగా వచ్చాకే లోపలికి వచ్చాం.

బొమ్మ

లోపలి పని చెప్పుకోవడానికి తక్కువే. జిగురు రంగుకి నీళ్ళు పడవు గాని స్పిరిట్, అసిటోన్ పడతాయి. ఎమల్షన్‌కి అవే యముడు. అందుకని వాటిని జెల్‌గా చేసి, కొంచెం కొంచెం పెట్టి మెత్తబడ్డ ఎమల్షన్‌ని ఎత్తేశాం. కింది వెల్ల పొరల్ని స్కాల్పెల్‌తో పొడిగా తీశాం. ఉప్పు ఆగిన గోడ కాబట్టి ఇప్పుడు పలచటి సెల్యులోజ్ జిగురు సరిపోయింది.

మరియమ్మ ఎడమ చెంప, కంటి కింద నుంచి గడ్డం దాకా, లేదు. మ్యూజియంలో అయితే అలా వదిలేసేవాణ్ణి. ఒకరోజు ఒక మామ్మ పరంజా కింద నిలబడి చాలాసేపు చూసి, “ఏటి బాబూ, అమ్మకి మొకం సగమే ఇస్తారేటి?” అంది. పూజలో ఉన్న బొమ్మకి ముఖం మీద తెల్ల గుంట ఉంటే జనం చూపు ఆ గుంట మీదే ఉంటుంది, బొమ్మ మీద ఉండదు. ఆ గుంటని సున్నంతో నింపి, వాటర్‌కలర్‌తో సన్నటి నిలువు గీతలుగా పూరించాం. రోమ్‌లో చేజారే బ్రాందీ అనే పునరుద్ధరణ నిపుణుడు చెప్పిన పద్ధతే: దూరానికి చెంప, దగ్గరికొస్తే గీతలు, ఎప్పుడైనా తుడిచేయొచ్చు. కళ్ళు ఉన్నవి ఉన్నట్టే, ఒక్క గీత కలపలేదు. పట్టీ మీద పోయిన అక్షరాలు పూరించలేదు, అది మరియమ్మ జపమే, మిగతా వాక్యం ఆ గుడిలో పసిపిల్లకి కూడా వచ్చు.

యాసిడ్ జాగాకి సున్నంలో అల్ట్రామెరీన్ కలిపి, అసలు నీలం కంటే ఒక మెట్టు తక్కువగా, ఉత్త వెల్లలా వేశాం. నక్షత్రాలు వేయలేదు. ఖజానా ఆయన నీలిమందు డబ్బాలు చవగ్గా తెస్తానన్నాడు. వద్దన్నాం, బట్టల నీలిమందులో సోడా లాంటివి కలుపుతారు, మళ్ళీ ఉప్పు మనమే పెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు

రెండో వానాకాలం తర్వాత చూస్తే గోడ నిలకడగా ఉంది. బయట కింది ప్లాస్టరు మీద అనుకున్నట్టే తెల్లగా ఉప్పు పూస్తోంది. దాన్ని పొడి బ్రష్‌తో దులపాలి, తడిగుడ్డ కూడా వద్దు. యాసిడ్ సీసా గుడి గదిలో ఉండకూడదని సిస్టర్లకి చెప్పాం, ఊడ్చే పెద్దాయన చెప్పకముందే తీసేశాడు. ఎడమవైపు దూత రెక్క దగ్గర ఒక అరచేయంత చోట రంగు మళ్ళీ కొంచెం లేచింది. పైన పెంకుల వాలు దగ్గర నీళ్ళ గొట్టం కారుతోందని అనుమానం, ఈసారి వేసవిలో ఆ మూల పెంకులు దించి చూడాలి. కమిటీ ఒక నోటుబుక్కు పెట్టింది, వానాకాలం ముందూ తర్వాతా అదే చోట నిలబడి అదే కోణంలో ఫోటో తీసి అందులో అంటిస్తారు. ఆ బాధ్యత గుహ కట్టించిన ఇంటి పెద్దబ్బాయి తీసుకున్నాడు.